అష్టాచమ్మా నిబంధనలు అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

వానలకు ప్రయాణాలు ఆగిపోయినవారు ఇంట్లో ఎలా కాలక్షేపం చేయవచ్చో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో ఒక వ్యాసం వేశారు. చూడదగ్గ సినిమాల పట్టిక ఉంది, వండుకోదగ్గ చిరుతిళ్ల పట్టిక ఉంది, పూలకుండీలకు రంగులు వేయడం గురించి కూడా ఉంది. నలుగురు కూర్చుని ఆడుకునే ఆట మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే ఈ ఉత్తరం.

మాది హనుమకొండ. 2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు వరంగల్ స్టేషన్‌లో రైలెక్కి రామేశ్వరం బయలుదేరవలసినవాళ్లం. అబ్బాయి, కోడలు, పిల్లలు ముందురోజే హైదరాబాదు నుంచి వచ్చేశారు. ఆ రాత్రి కురిసిన వానకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. పట్టాలు గాలిలో వేలాడుతున్న బొమ్మ మీరూ వేశారు. ఖాజీపేట–విజయవాడ దారిలో వెళ్లవలసిన బళ్లు కొన్ని రద్దయ్యాయి, కొన్నింటిని దారి మళ్లించారు. మాది రద్దయినవాటిలో ఉంది. ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చి, విజయవాడలో బుడమేరు సగం ఊరిని ముంచిన రోజున మా యాత్ర ఆగడం ఒక కష్టమే కాదు. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను.

టికెట్లు కౌంటరులో కొన్నవి. ఆన్‌లైన్‌లో కొన్నవాటికి డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది కానీ, కౌంటరు టికెట్టును బండి బయలుదేరవలసిన సమయం నుంచి మూడు రోజుల్లోగా తీసుకెళ్లి ఇస్తేనే పూర్తి సొమ్ము చేతికి వస్తుంది. మావారు గొడుగు పట్టుకుని వెళ్లి వరుసలో నిలబడి తెచ్చారు. రామేశ్వరం గుడిలో ఇరవై రెండు తీర్థాల స్నానం తప్పిపోయిందని నేను నొచ్చుకుంటుంటే, తడిసి ముద్దయి వచ్చిన ఆ మనిషి 'నాది అయిపోయింది' అన్నారు. నిజానికి రైలు దొరికినా మేము రామేశ్వరం దాకా రైల్లో వెళ్లేవాళ్లం కాదు. పాంబన్ పాత వంతెన మీద 2022 డిసెంబరు నుంచే రైళ్లు ఆపేశారు. అప్పట్లో ఇవతలి ఒడ్డున దిగి రోడ్డు మీద వెళ్లవలసి వచ్చేది. సముద్రం మీద రైలు చూపిస్తానని మనవడికి మాట ఇచ్చిన మా అబ్బాయికి ఆ సంగతి నేను చెప్పేదాకా తెలియదు.

సోమవారం బడులకు సెలవిచ్చారు. టీవీలో పొద్దుటి నుంచి అవే వరద దృశ్యాలు. ఎవరి ఫోను వారిది. మధ్యాహ్నం దాటాక నేనే లేచి సుద్దముక్క తెచ్చి హాలులో నేల మీద అష్టాచమ్మా పటం, అయిదు అయిదుల ఇరవై అయిదు గడులు గీశాను. నాలుగు అంచుల్లోనూ మధ్యనున్న గడులకు, పటం నడిమి గడికి అడ్డగీతలు కొట్టాను. ప్రయాణానికని కలిపిన పులిహోర ఎలాగూ ఉంది కాబట్టి వంట గొడవ లేదు.

కాయలకు వెతుక్కోనక్కరలేదు. నాకు గాజుముక్కలు, మావారికి కందిగింజలు, కోడలికి చొక్కా గుండీలు, మనవరాలికి తన జడపిన్నులు. పందేనికి నాలుగు చింతగింజలు తీసి, గచ్చు మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీశాను. ఎన్ని తెల్లవైపులు పైకి పడితే అంత. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, అంటే నాలుగు; నాలుగూ నల్లగా పడితే అష్టా, అంటే ఎనిమిది. ఈ రెండింటికీ మళ్లీ వేసే అవకాశం ఉంటుంది. బయటి వరుసలో పదహారు గడులు ఒక దిక్కుగా తిరిగి, లోపలి ఎనిమిది గడులు ఎదురు దిక్కుగా తిరిగి నడిమి గడిలోకి చేరితే కాయ పండినట్టు. ఇంతవరకు ఎవరికీ తగాదా లేదు.

తగాదా కాయ లోపలికి వెళ్లేచోట వచ్చింది. మా కోడలిది తెనాలి వైపు. ఎదుటివారి కాయను ఒక్కటైనా చంపనిదే లోపలి వరుసలోకి పోకూడదని ఆమె లెక్క. మా పుట్టింట్లో ఆ నియమం లేదు, చుట్టు పూర్తయితే దర్జాగా వెళ్లిపోవచ్చు. నా గాజుముక్క లోపలి గడిలో కాలు పెట్టగానే 'అత్తయ్యా, ఒక్కరినీ చంపకుండానే?' అంది. ఇన్నేళ్లుగా ఈ ఇంట్లో కాఫీలో చక్కెర ఎక్కువైందని కూడా అనని పిల్ల! తర్వాత ఒకే గడిలో జంటగా ఉన్న కాయలను ఒంటికాయ చంపవచ్చా అన్న దాని మీద ఇంకొకటి. వరుసగా మూడుసార్లు అష్టాలో చమ్మాలో పడితే మురిగిపోతాయని మావారు, మురగవని అబ్బాయి. తండ్రీకొడుకులు ఒకే ఇంట్లో ఆట నేర్చుకుని రెండు రకాలుగా ఎలా చెబుతారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పాను. పదో తరగతి చదువుతున్న మనవడు పందెం చూస్తూ 'నానమ్మా, నీ గింజలకు అష్టాలే ఎక్కువ పడుతున్నాయేమిటి?' అన్నాడు. మంచి ప్రశ్న. గింజ రెండువైపులా సమానంగా పడేదయితే నాలుగు గింజలకు పదహారు విధాలు. వాటిలో రెండు పడటానికి ఆరు, ఒకటికి నాలుగు, మూడుకు నాలుగు, చమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి. కాగితం మీద చమ్మా, అష్టా సమానమే. వాడు నోటుపుస్తకం తెచ్చి, వంద దాటేదాకా గింజలు వేస్తూ గీతలు గీసుకున్నాడు. చమ్మాలు ఒకటీ అరా పడితే, అష్టాలు అంతకు ఎన్నో రెట్లు పడ్డాయి. కారణం వాడే పట్టుకున్నాడు. అరగదీసినవైపు చదునుగా ఉంటుంది, గింజ ఆ వైపు నేలకు ఆనుకుని కూర్చోవడానికే ఇష్టపడుతుంది, నల్లవైపు పైకి వస్తుంది. సంభావ్యత పాఠానికి పుస్తకాల్లో ఎప్పుడూ నాణెం, పాచికే. నేను కూడా ఇన్నేళ్లూ వాటితోనే చెప్పాను. చింతగింజతో మొదలుపెడితే వెనక బెంచీవాళ్లు కూడా ముందుకు జరిగేవారేమో.

గింజలు నావి కాబట్టి నాకే కలిసొస్తున్నాయని కోడలు పట్టుబట్టడంతో మర్నాటి నుంచి దేవుడి గదిలోని గవ్వలతో ఆడాం. బుధవారానికి పట్టాలు బాగుచేసి రైళ్లు నెమ్మదిగా వదలడం మొదలుపెట్టారు. అప్పటికి రామేశ్వరంలో గదులు వదిలేసుకున్నాం, శనివారం వినాయక చవితి, ఇక వెళ్లేదేముంది? ఫోన్లు మానేశామని గొప్ప చెప్పుకోను. తీర్పు కోసం కోడలు తెనాలిలో వాళ్ల అమ్మగారికి, నేను జనగామలో మా అక్కకు వీడియో కాల్ చేశాం. ఇద్దరూ ఎవరి మాట మీద వారు నిలబడ్డారు. మా అక్క అయితే ఆటను తెరలో చూస్తూ నాకు ఎత్తులు కూడా చెప్పింది.

ఇక నా విన్నపం. ఈ ఆటల నిబంధనలు నాకు ఎక్కడా సరిగా రాసిపెట్టి కనిపించలేదు. ఇంటర్నెట్‌లో ఒకరు రాసినదాన్నే పదిమంది దించుకున్నారు, అది ఏ ఊరి పద్ధతో ఎవరికీ తెలియదు. పులిజూదం పటాలు పాత గుళ్ల అరుగుల మీద రాతిలో చెక్కి కనిపిస్తాయి. మూడు పులులు, పదిహేను మేకలని మా మనవడికి చెప్పగలిగాను గానీ, మేకలన్నీ దిగకముందే పులి చంపడం మొదలుపెట్టవచ్చా అని వాడు అడిగితే నేనొకటి, మావారొకటి చెప్పాం. గుంటల్లో గింజలు పంచుకుంటూ పోయే వామనగుంటల ఆటలో ఖాళీ గుంట తగిలాక ఏ గుంట గింజలు తీసుకోవాలో ఇంటికొక తీరు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన కొద్దిరోజులకే దూరదర్శన్ పాత రామాయణం మళ్లీ వేసింది. ఇళ్లలో చిక్కుకున్నవారికి ఏం కావాలో వాళ్లు ఆలోచించారు. మీకు అంత ఖర్చు కూడా లేదు. ప్రతి ఆదివారం చూడదగ్గ ప్రదేశాలకు ఒక పూర్తి పేజీ ఇస్తున్నారు. అందులో పావు పేజీ ఈ ఆటలకు ఇవ్వండి. పటం గీసి వేయండి. ఏ జిల్లాలో ఎలా ఆడతారో పాఠకులనే రాయమనండి, ఊరి పేరుతో సహా అచ్చు వేయండి. తుఫానుల నెలలు ముందున్నాయి కాబట్టి అక్టోబరులోపు మొదలుపెడితే మంచిది. ఏది సరైన పద్ధతో తేల్చే పని మాత్రం పెట్టుకోకండి, మీ కార్యాలయానికి ఉత్తరాలు మోయలేక తపాలావారు చస్తారు.

మా ఇంటి అష్టాచమ్మా నిబంధనలు ఒక కాగితం మీద రాసి దీనితో జతచేస్తున్నాను. తెనాలి నిబంధనలు కోడలు విడిగా రాసి ఇచ్చింది, అదీ ఇదే కవరులో ఉంది. చోటు చాలక ఒక్కటే వేయవలసి వస్తే, దయచేసి రెండూ ఆపేయండి.

ఇట్లు
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయిని,
హనుమకొండ