శీనుగాడికి, అమెరికాలోని కేరీ నుంచి

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లకి జవాబిస్తున్నాను, తిట్టాలనుంటే ఫోన్లో తిట్టు. ఇక్కడంతా క్షేమం. పాపకి పాలపళ్లు ఊడుతున్నాయి, నా ఉద్యోగం ఎప్పట్లానే ఉంది. అసలు సంగతి విను. నాన్నా, నేనూ కలిసి మా చెక్క వరండా, అదే డెక్, దాని రెయిలింగ్ మీద మొక్కల పెట్టె కట్టాం రా!

నాన్న వచ్చిన దగ్గర్నుంచి ఆ కిటికీ పక్క కుర్చీ వదల్లేదు. మీ ఇంటి వీధి గుమ్మం చెక్కిన చేతులు రిమోట్ పట్టుకుని కూర్చుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. అందుకే హోమ్ డిపోకి, అదే ఇంటి సామాన్ల పెద్ద దుకాణానికి, తీసుకెళ్లాను. అక్కడ చెక్కల వరసలో ఆయన ముఖం చూడాల్సింది! ఒకటి బై ఆరు అని రాసిన దేవదారు పలక మీద టేపు పెట్టి, "ఆరంగుళాలంటాడు, అయిదున్నరే ఉందిరా. మందం ముప్పావంగుళమే" అన్నారు. ఇక్కడ పచ్చిగా కోసినప్పటి కొలత పేరుకి ఉంచి, ఆరబెట్టి చిత్రిక పట్టాక మిగిలింది అమ్ముతారని చెబితే, "ముందే చెప్పాలిగా" అని మళ్లీ కొలిచారు. మన భీమడోలు మామిడిపళ్ల బేరమే అనుకో!

కుళ్లకుండా మందు పట్టించిన చెక్క చవకే. 2003 చివరిదాకా ఇళ్లకి అమ్మిన దాంట్లో ఆర్సెనిక్ ఉండేది, ఇప్పుడు రాగి మందులు వాడుతున్నారు. కానీ తినే ఆకు వేసే పెట్టెకి నాకు మనసొప్పలేదు. ఎర్ర దేవదారు దానంతటదే కుళ్లకుండా నిలబడుతుంది. కోస్తుంటే ఆ వాసన... నాన్న పొట్టు దోసిట్లోకి తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

అద్దె ఇల్లు కదా, రెయిలింగ్‌కి మేకు దించకూడదు. ఉపాయం నాన్నదే. పెట్టె రెయిలింగ్ మీద గుర్రం మీద జీనులా కూర్చుంటుంది. అడుగున రెండు పక్కలా కాళ్లు కిందికి దిగుతాయి. కమ్మీల మధ్యనుంచి అడ్డచెక్క వేసి బోల్టు బిగిస్తే కదలదు. తడిస్తే మట్టితో కలిపి ఇరవై కిలోలు దాటుతుంది, కింద పిల్లలు తిరుగుతారు, అందుకే ఇంత జాగ్రత్త. స్క్రూలన్నీ స్టెయిన్‌లెస్. పలక చివర్లు చీలకుండా ముందు సన్న బెజ్జం వేశాకే ఒక్కోటీ తిప్పాం.

నీళ్లు పోయే బెజ్జాలు నడి మధ్యలో పెడదామన్నాను. "కింద రెయిలింగ్ ఉందిగా, నీళ్లెటు పోతాయి?" అని, రెయిలింగ్ దాటి బయటికి వచ్చిన అంచుల్లో పెట్టించారు. అడుగున సన్న పట్టీలు వేశాం, గాలాడకపోతే రెండు చెక్కలూ కుళ్లుతాయి.

గోంగూర వెయ్యాలని నా గోల. వేరు లోతుకి దిగుతుంది, మొక్క మనిషి ఎత్తు పెరుగుతుంది, గాలికి పెట్టె ఏమవుతుందో చూసుకోమన్నారు. దానికి కింద పెద్ద బకెట్ పెట్టాం. పెట్టెలో మెంతికూర, ఒక పక్క కొత్తిమీర. మెంతి అప్పుడే లేచింది రా, నాన్న పొద్దున్నే లేవగానే డెక్ మీదికే వెళుతున్నారు. ఆ కుర్చీ ఇప్పుడు పాప బొమ్మలది.

నీకు గుర్తుందా, మనం ఆయన కార్ఖానాలో ఉలి దొంగిలించి... అది తర్వాత రాస్తాను. వాన మొదలైంది, నాన్న పిలుస్తున్నారు, బెజ్జాల్లోంచి నీళ్లు సరిగ్గా దిగుతున్నాయో లేదో చూడాలట. ఫొటోలు వాట్సాప్‌లో పెడతాను. పిన్నికి నమస్కారాలు చెప్పు.