పొరుగువాడు ముప్పు ఎలా అయ్యాడు?: అమెరికా వాణిజ్య మంత్రికి బహిరంగ లేఖ

అమెరికా వాణిజ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డెట్రాయిట్ శివార్లలో ఉంటున్న తెలుగువాడిని, ఈ దేశ పౌరుడిని. చాలా ఏళ్లుగా కార్ల విడిభాగాల తయారీలో పని చేస్తున్నాను. మా నది ఒడ్డున నిలబడితే అవతల కెనడాలోని విండ్సర్ నగరం కనిపిస్తుంది. అక్కడ పోత పోసిన భాగం ఇక్కడికి వచ్చి నునుపు తేలుతుంది, మళ్లీ అక్కడికి వెళ్లి ఇంకో భాగంతో కలుస్తుంది, చివరికి ఈ ఒడ్డునే కారులో చేరుతుంది. మాకు ఇది రోజూ జరిగే పని. ఆ ఒడ్డు నుంచి వచ్చే ఉక్కు వల్ల అమెరికా జాతీయ భద్రతకు ముప్పు ఉందని, అందుకే దానిపై దిగుమతి సుంకాలు వేయాలని మీ శాఖ అంటోంది. ఆ మాట నాకు మింగుడుపడటం లేదు.

మీరు ఆధారంగా చూపుతున్నది 1962 నాటి వాణిజ్య విస్తరణ చట్టంలోని 232వ సెక్షన్. జాతీయ భద్రత పేరుతో దిగుమతులపై సుంకాలు వేయడానికి వీలిచ్చేది ఇదే. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తున్న రోజుల్లో, యుద్ధానికి కావలసిన సరుకు కోసం శత్రువు ముందు చేయి చాచే గతి పట్టకూడదని రాసుకున్న నిబంధన అది. అందులో తప్పేమీ లేదు. విచారణలో రక్షణ శాఖను సంప్రదించాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. 2018లో సంప్రదించారు. అన్యాయమైన పద్ధతుల్లో వచ్చి పడే దిగుమతులు భద్రతకు చేటేనని అప్పటి రక్షణ మంత్రి జేమ్స్ మాటిస్ అంగీకరించారు. అయితే సైన్యానికి కావలసింది దేశంలో తయారయ్యే ఉక్కులో, అల్యూమినియంలో సుమారు 3 శాతమేనని, సుంకాల వల్ల మిత్రదేశాలకు జరిగే నష్టం తమను కలవరపెడుతోందని కూడా రాశారు. ఆ హెచ్చరికను పక్కన పెట్టారు. 2018 జూన్ 1 నుంచి కెనడా, మెక్సికోల ఉక్కుపై 25 శాతం, అల్యూమినియంపై 10 శాతం సుంకం పడింది.

తర్వాత జరిగింది మీకు తెలియనిది కాదు. 2019 మేలో ఆ సుంకాలు ఎత్తేశారు. 2020 ఆగస్టులో కెనడా అల్యూమినియంపై మళ్లీ వేసి, కొన్ని వారాలకే వెనక్కి తీసుకున్నారు. 2025 మార్చిలో ఏ దేశానికీ మినహాయింపు లేకుండా 25 శాతం వేసి, జూన్‌లో దాదాపు అన్ని దేశాలకూ 50 శాతం చేశారు. ఈ ఏడేళ్లలో కెనడా కొలిమిలో ఏం మారింది? చర్చలు కుదిరినప్పుడు మాయమై, చెడినప్పుడు తిరిగొచ్చే ముప్పును భద్రత పేరుతో పిలవడం న్యాయమేనా? 2025 అక్టోబరులో వంటింటి అలమరాలను, మెత్తలు కుట్టిన సోఫాలను కూడా ఈ సెక్షన్ కిందికే తెచ్చారు. సైనికుల ప్రాణాలతో ముడిపడిన మాటను ఇంత చవకగా వాడటం నన్ను బాధిస్తోంది.

అల్యూమినియం సంగతే చూడండి. దాన్ని కరిగించి తీయడానికి విపరీతంగా కరెంటు కావాలి. క్యూబెక్‌లోని సాగ్నే ప్రాంతంలో నదులున్నాయి, జలవిద్యుత్తు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రపక్షాల విమానాలకు అక్కడి అర్విడా కర్మాగారం పెద్ద ఎత్తున లోహం అందించింది. 2024లో కూడా మన అల్యూమినియం దిగుమతుల్లో సగానికి పైగా కెనడావే. మన దగ్గర కొలిమి కర్మాగారాలు ఒక్కొక్కటిగా మూతపడటానికి పెద్ద కారణం కరెంటు ఖరీదు. సుంకం వేస్తే కరెంటు పుట్టదు. ఆ లోహం కొనే మాలాంటి వాళ్ల ఖర్చు మాత్రం పెరుగుతుంది.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. మన రక్షణ పారిశ్రామిక పునాదిలో కెనడా కూడా భాగమేనని అమెరికా కాంగ్రెస్ చట్టంలోనే రాసింది. రక్షణ ఉత్పత్తి చట్టం కెనడా సంస్థలను స్వదేశీ సరఫరాదారులుగానే లెక్కిస్తుంది. ఆ చట్టాలు ఇంటి మనిషిగా చూసినవాడిని మీరు గడప అవతల నిలబెట్టారు.

మా ఊళ్లో తీర్థయాత్రకు వెళ్లేవాళ్లు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్లేవాళ్లు. అమెరికా తన ఆకాశం తాళంచెవిని 1958 నుంచి కెనడాతో పంచుకుంటోంది. ఆ ఉమ్మడి కాపలా పేరే నొరాడ్. 2001 సెప్టెంబరు 11 ఉదయం కొలరాడో కొండ లోపలి కేంద్రంలో దాని కార్యకలాపాలను నడిపించినవారు కెనడా సైన్యాధికారి రిక్ ఫిండ్లీ. మన గగనతలం మూసేసినప్పుడు న్యూఫౌండ్‌లాండ్‌లోని గాండర్ అనే చిన్న ఊరిలో 38 విమానాలు దిగాయి. దాదాపు 6,700 మంది ప్రయాణికులను ఆ ఊరివాళ్లు, చుట్టుపక్కల పల్లెలవాళ్లు బడుల్లో, చర్చిల్లో, తమ ఇళ్లలో పెట్టుకుని అన్నం పెట్టారు. ఆ తర్వాత అఫ్గానిస్తాన్‌లో 158 మంది కెనడా సైనికులు ప్రాణాలిచ్చారు. ఆ ఇళ్ల ముందు నిలబడి, మీ దేశపు ఉక్కు మా భద్రతకు ముప్పు అని మనం చెప్పగలమా?

ప్రపంచంలో తయారయ్యే ఉక్కులో సగానికి పైగా చైనాదే. ఆ మిగులు ఉక్కు వల్ల మన కార్మికులు దెబ్బ తిన్న మాట నిజం. వాళ్లలో నా స్నేహితులూ ఉన్నారు. ఆ మిగులును ఎదుర్కోవాలంటే కెనడా, మెక్సికోలను పక్కన నిలబెట్టుకోవాలి. వాళ్లు మనతో ఒకే వాణిజ్య ఒప్పందంలో ఉన్నారు కదా!

అందుకే మిమ్మల్ని కోరుతున్నాను: కెనడా, మెక్సికోల ఉక్కును, అల్యూమినియంను ఈ సుంకాల నుంచి మినహాయించండి. 2025 సుంకాలపై రక్షణ శాఖ మీకు ఏదైనా అభిప్రాయం ఇచ్చి ఉంటే దాన్ని పూర్తిగా ప్రజల ముందు పెట్టండి. స్వదేశీ పరిశ్రమను కాపాడటమే మీ ఉద్దేశమైతే ఆ మాటే చెప్పి, కాంగ్రెస్ ముందు చర్చకు పెట్టండి. ఒకసారి డెట్రాయిట్ రండి. నది ఒడ్డుకు తీసుకెళ్లి అవతలి కర్మాగారాలను నేనే చూపిస్తాను.

భవదీయుడు,
డెట్రాయిట్ నుంచి ఒక తెలుగు పౌరుడు