పాత వస్తువులతో చేతిపని బృందం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మన సంఘం చేతిపని బృందం చేసిన పనుల వివరాలు ఇవి. పోయిన ఏడాది నివేదికలో మనం ఎన్ని వస్తువులు చేశామో లెక్క రాసుకున్నాం. ఈసారి ఆ లెక్కతో సరిపెట్టుకోవాలనిపించలేదు. ఫిబ్రవరిలో బృందం నుంచి ఇద్దరు ఇంటింటికీ వెళ్లి, మనం చేసిచ్చినవాటిలో ఇంకా ఏవి వాడుతున్నారని అడిగి వచ్చారు.

పాత ప్యాంట్లతో కుట్టిన సంచులు, బొంతలు, గుమ్మం దగ్గర వేసుకునే కాళ్లపట్టాలు చాలా ఇళ్లలో రోజూ వాడుతున్నారు. రంగులేసిన ప్లాస్టిక్ సీసాల పూలకుండీలు, పాత సీడీలతో చేసిన గోడ అలంకరణలు మాత్రం దాదాపు అన్నీ చెత్తబుట్టకే చేరాయి. వాటి మీద పిల్లలు ఎన్నో సాయంత్రాలు కూర్చుని పనిచేశారు కాబట్టి ఈ సంగతి రాయడానికి మాకూ బాధగానే ఉంది. కానీ ఇందులో మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. నీళ్ల సీసాను శుభ్రంగా పాత సామాన్లవాళ్లకు ఇస్తే అది కరిగి మళ్లీ ఏదో ఒక వస్తువు అవుతుంది. అదే సీసాకు రంగు, జిగురు, మెరుపుల పొడి పూశామంటే దాన్ని ఎవరూ తీసుకోరు. మూడు నెలలు అల్మారా మీద ఉండి, ఆ తర్వాత నేరుగా చెత్తకుప్పకు పోతుంది. మంచి పని చేస్తున్నామనుకుంటూనే, తిరిగి వాడుకోదగ్గ వస్తువును పనికిరాకుండా చేశామన్నమాట. అందుకే ఆ పని ఆపేశాం. ఇంట్లో కనీసం ఏడాది వాడకానికి వస్తుందనుకున్న వస్తువే చేయాలని బృందం నిర్ణయించుకుంది.

సంచులు

ఇది మన బృందంలో అందరికీ వచ్చిన పని. జీన్స్ ప్యాంటు కాలిని మోకాలి పైనుంచి కోసి, అడుగున రెండు వరసలు కుట్టి, నడుము పట్టీని పిడిగా వేస్తే నాలుగైదు కిలోల కూరగాయలు మోసే సంచి వస్తుంది. జేబును ఊడదీసి సంచికి బయటివైపు కుడితే చిల్లర పెట్టుకోవచ్చు. 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులను 2022 డిసెంబరు 31 నుంచి నిషేధించారు. అయినా బజారులో పలచటి కవర్లు కనబడుతూనే ఉన్నాయి. చేతిలో సంచి లేకపోతే మనమూ వాటిలోనే తెచ్చుకుంటున్నాం. సంచి ఉండి కూడా ఇంట్లో మరిచిపోవడమే అసలు సమస్య అని పటమట రైతు బజారుకు వెళ్లొచ్చే సభ్యులు చెప్పారు. దాంతో సంచితో పాటు చెప్పుల స్టాండు పక్కన కొట్టుకోవడానికి ఒక మేకు కూడా ఇవ్వడం మొదలుపెట్టాం. అప్పటినుంచి మరిచిపోవడం బాగా తగ్గిందని చాలామంది అన్నారు.

బుడమేరు వరద, బొంతలు

ఈ ఏడాది మేం చేసిన పనుల్లో ముఖ్యమైనది ఇదే. సెప్టెంబరు 1 ఆదివారం నాటికి బుడమేరు వాగు పొంగి, నీళ్లు విజయవాడలోని అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లలోకి వచ్చేశాయి. మన వీధికి నీళ్లు రాలేదు. మన ఇళ్లలో పనిచేసేవాళ్లలో కొందరి ఇళ్లు మాత్రం రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఆ శనివారమే వినాయక చవితి. మండపం అలంకరణకు పెట్టుకున్న డబ్బును భోజనాలకు, మందులకు వాడదామని కమిటీ అనుకుంది. ఎవరూ కాదనలేదు. పూజ మాత్రం కింద వాచ్‌మన్ గది పక్కన, చిన్న మట్టి విగ్రహంతో చేసుకున్నాం. పాత శుభలేఖలు కత్తిరించి పిల్లలు కట్టిన తోరణం ఒక్కటే ఆ ఏటి అలంకరణ.

బట్టలు ఇవ్వండని అడిగితే రెండు రోజుల్లో మెట్ల కింద కుప్ప పడింది. అందులో సగం కట్టుకోవడానికి పనికొచ్చేవి కావు. బ్లౌజు లేని చీరలు, జిప్పు పోయిన ప్యాంట్లు, మరకలు పడ్డ పరుపు గలీబులు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లకు మనం కట్టుకోని చిరుగుల బట్ట ఇవ్వడం సాయం అనిపించుకోదు. రోడ్డు పక్కన పడేసి ఉన్న అలాంటి మూటలను మనలో కొందరు కళ్లారా చూసి వచ్చారు. అందుకే ముందు వేరుచేశాం. ఉతికి, ఇస్త్రీ చేసి, కొలతల వారీగా కట్టినవి అటు పంపాం. చిరిగిన నూలు చీరలు, పంచెలు, దుప్పట్లు ఇటు ఉంచుకున్నాం.

నీళ్లు తీశాక అక్కడివాళ్లు ముందు అడిగింది పడుకోవడానికి ఏదైనా ఇవ్వమని. పరుపులు తడిసి బురద పట్టి, బయట పారేయడం తప్ప దారి లేకపోయింది. గచ్చు ఇంకా చెమ్మగానే ఉంది. అప్పుడు రెండో అంతస్తు అమ్మమ్మగారు బొంతలు కుడదామన్నారు. ఆమె చిన్నప్పుడు ఇంట్లో అందరూ పడుకున్నది బొంతల మీదే. మనలో చాలామందికి మాత్రం బొంత మీద పడుకోవడమే తెలుసు గానీ కుట్టడం తెలియదు.

డాబా మీద చాపలు వేసి మొదలుపెట్టాం. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే ఒక మనిషికి సరిపడా పొడవు వస్తుంది. అలాంటి రెండు చీరలను ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆరు పొరలు. గాలికి లేవకుండా నాలుగు మూలలా నీళ్లు నింపిన చెంబులు పెట్టాం. మొదటి బొంతను అంచుల నుంచి కుట్టుకొచ్చాం. సగం అయ్యేసరికి మధ్యలో బట్టంతా కుప్పపడి దిండులా ఉబ్బింది. అమ్మమ్మగారు వచ్చి ఒక్కసారి చేత్తో తడిమి, "మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకు రావాలమ్మాయ్, బట్టను అరచేత్తో బయటికి తోసుకుంటూ రా" అన్నారు. కుట్టిందంతా విప్పి మళ్లీ కుట్టాం. ముందు దూరదూరంగా టాకాలు, తర్వాత వేలు వెడల్పు ఎడంతో వరసలు, చివర చీర అంచునే ముక్కలు చేసి చుట్టూ పట్టీ. జరీ ఉంటే ముందే తీసేయాలి. లేకపోతే పడుకున్నప్పుడు గీరుకుంటుంది. సిల్కులాంటి సింథటిక్ చీరలు సూది కింద జారిపోతాయి, చెమట పీల్చవు. వాటిని పక్కన పెట్టేశాం.

ఒక్కో బొంతకు నలుగురు కూర్చుంటే రెండు మధ్యాహ్నాలు పట్టింది. దసరా లోపల 11 బొంతలు అందించాం. ఇది చాలా చిన్న సంఖ్యే, మాకు తెలుసు. కానీ బొంత ఉతికి ఎండలో వేస్తే సాయంత్రానికి ఆరిపోతుంది, మడిచి అటక మీద పెట్టుకోవచ్చు. జనవరిలో మళ్లీ వెళ్లినప్పుడు ఒక ఇంట్లో మన బొంతను ఉయ్యాలలో పసిపాపకు పరిచి ఉంచారు. చుట్టూ ఉన్న పట్టీ మన మూడో అంతస్తు సభ్యురాలి పెళ్లినాటి చీర అంచు. ఆమె ఆ అంచును గుర్తుపట్టి చాలాసేపు మాట్లాడలేకపోయారు.

కాగితం గుజ్జు బుట్టలు

వెనకటి రోజుల్లో ఇంట్లో పాత కాగితాలు, మెంతులు కలిపి రుబ్బి బుట్టలు చేసేవారు, చేటలకు అదే గుజ్జు అలికేవారు. మెంతి బంక కాగితాన్ని పట్టి ఉంచుతుంది. ఆ చేదుకు పురుగు చేరదని పెద్దలు చెబుతారు. జూలైలో ఆ పని పెట్టుకున్నాం. అది మా పొరపాటే. కాగితం మూడు రోజులు నానింది, మెంతులు ఒక రాత్రి నానాయి. గుజ్జు ఎక్కువ వేయడంతో ఒకరింట్లో మిక్సీ వేడెక్కి ఆగిపోయింది. తర్వాత రోట్లో రుబ్బాం. బోర్లించిన గిన్నె మీద తడిబట్ట వేసి, గుజ్జు వేలి మందాన అద్దాం. అంతా బాగానే వచ్చింది. కానీ వానలకు ఎండలేదు. నాలుగో రోజుకు లోపల బూజు పట్టింది, అన్నీ పారేయాల్సి వచ్చింది.

మార్చిలో మళ్లీ చేశాం. బెజవాడ ఎండ సంగతి తెలిసిందే కదా. రెండు రోజుల్లో గిన్నె నుంచి వాటంతటవే ఊడి వచ్చాయి. మోగిస్తే చెక్కలా ఖణఖణమన్నాయి. ఒక్క జాగ్రత్త అందరూ పాటించాలి. మనం వాడింది దినపత్రికల కాగితం. పత్రికల సిరాలో సీసం లాంటివి ఉండొచ్చని, తినే పదార్థాలను వాటిలో చుట్టవద్దని దేశంలో ఆహార భద్రతను చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2023లో కూడా గట్టిగా చెప్పింది. కాబట్టి ఈ బుట్టల్లో బియ్యం, పిండి, పండ్లు వద్దు. దారాలు, తాళాలు, రిమోట్లు పెట్టుకోండి. తిండికి వాడే బుట్ట కావాలంటే రాయని, అచ్చు లేని తెల్ల కాగితంతోనే చేయాలి.

కొండపల్లి

నవంబరులో పిల్లలను కొండపల్లి తీసుకెళ్లాం. తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చెక్కడం అందరికీ తెలిసిందే. పిల్లలు కళ్లార్పకుండా చూసింది మాత్రం మక్కు. రంపపు పొట్టు, చింతగింజల పొడి కలిపి చేసే ఆ ముద్దతోనే చేతులు, తలలు, తోకలు అతికిస్తారు. ఇంటికొచ్చాక ఒక బాబు చింతపండులోంచి తీసిన గింజలన్నీ డబ్బాలో దాయడం మొదలుపెట్టాడట. సంక్రాంతి బొమ్మల కొలువులో పిల్లలు పెట్టిన ఊరికి ఆ గింజల జిగురే వాడాం. వేయించి, పై తొక్క తీసి, నానబెట్టి రుబ్బి, సన్న మంట మీద ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. అగ్గిపెట్టెల ఇళ్లు, కొబ్బరి పీచు కప్పులు, పుల్లల బండి అన్నీ దానితోనే నిలబడ్డాయి. రెండు రోజులకే పులిసిపోతుంది కాబట్టి కొంచెం కొంచెంగా చేసుకోవాలి.

భోగి

జనవరి 13న భోగి. మన వీధి భోగి మంటలో ఏటా విరిగిన ప్లాస్టిక్ కుర్చీలు, రెగ్జిన్ బ్యాగులు, ఒకసారైతే స్కూటర్ టైరు కూడా కాలాయి. ఆ పొగ విషం. తెల్లవారుజామున పసిపిల్లల్ని ఎత్తుకుని ఆ మంట చుట్టూ నిలబడతాం. ఇది మాకు ఎప్పటినుంచో మనసులో ఉన్న బాధ. అందుకే ఈసారి రెండు రోజుల ముందే కింద మూడు డ్రమ్ములు పెట్టాం. ఎండుకర్ర, పిడకలు మంటకు. ప్లాస్టిక్, ఇనుము పాత సామాన్లవాళ్లకు. బట్ట, కాగితం మన బృందానికి. కొందరు పెద్దలు పాతవి మంటలో వేయడమే ఆచారం కదా అన్నారు. వాళ్లు చిన్నప్పుడు మంటలో వేసిన పాత సామానంతా కర్రే, అందులో ప్లాస్టిక్ లేదు అని చెబితే ఒప్పుకున్నారు. అయినా తెల్లవారుజామున ఎవరో ఒక ప్లాస్టిక్ బకెట్ తెచ్చి వేశారు. వచ్చే ఏడాది డ్రమ్ముల దగ్గర తెల్లవారేదాకా ఇద్దరు ఉండాలి. పేర్లు ఇప్పుడే ఇవ్వండి.

పాల ప్యాకెట్లు

కత్తిరించేటప్పుడు మూల ముక్క ఊడిపోకుండా ప్యాకెట్‌కే అంటిపెట్టుకుని ఉండేలా కోయండి. ఆ చిన్న ముక్కలు ఎవరి చేతికీ దొరకవు, కాలువల్లోకి పోతాయి. ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి ఇస్తే పాత సామాన్లవాళ్లు తూకానికి కొంటున్నారు. వీటితో పువ్వులు చేద్దామన్న ఆలోచన వచ్చింది గానీ, పైన చెప్పిన కారణం వల్లే వద్దనుకున్నాం.

ఖర్చులు, వచ్చే ఏడాది

దారం, సూదులు, రెండు కత్తెరలు, కొండపల్లి ప్రయాణం తప్ప వేరే ఖర్చు లేదు. బిల్లులతో సహా లెక్క లిఫ్టు పక్కన నోటీసు బోర్డులో పెట్టాం. పాత ప్లాస్టిక్ అమ్మగా వచ్చిన డబ్బు కూడా అందులోనే చూపించాం.

కామన్ హాల్లోని కుట్టు మిషన్ బెల్టు తెగి రెండు నెలలైంది. బాగుచేయించాలి. బొంతల పని ఈసారి వానాకాలం దాకా ఆగకుండా మేలోనే మొదలుపెడతాం. మెత్తబడిన నూలు చీరలు, పంచెలు ఉంటే ఉతికి, జరీ తీసి, ఏప్రిల్ చివరికల్లా ఇవ్వండి. సింథటిక్ వద్దు. అమ్మమ్మగారికి చూపు తగ్గుతోంది కాబట్టి, ఆమె దగ్గర కూర్చుని పని నేర్చుకోవడానికి ఆదివారం మధ్యాహ్నాలు వీలున్నవాళ్లు కనీసం నలుగురు కావాలి. దరఖాస్తు ఏమీ అక్కర్లేదు, మూడు గంటలకు డాబా మీదకు రండి. చాపలు మేం వేసి ఉంచుతాం.