బీప్ ఒక్కటే, రీడింగులు అయిదు: అణుశక్తి నియంత్రణ మండలి చైర్మన్‌కు బహిరంగ లేఖ

ముంబైలోని అణుశక్తి నియంత్రణ మండలి చైర్మన్ గారికి నమస్కారం.

నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న ఊళ్లో పళ్ల డాక్టర్ని. మా క్లినిక్‌లో ఉన్న ఎక్స్‌రే మిషన్‌ను మీ ఆన్‌లైన్ లైసెన్సు పోర్టల్ ఇ-లోరాలో రిజిస్టర్ చేయించాను. రెండేళ్లకోసారి క్వాలిటీ టెస్టు కూడా చేయిస్తున్నాను.

కిందటిసారికి ముందు టెస్టుకి వచ్చినాయన కోన్ (ఎక్స్‌రే బయటికొచ్చే గొట్టం) దగ్గర రేడియేషన్ కొలిచే మీటరు పెట్టి ఒక్కటే షాట్ తీశారు. మిషన్ ఒక్కసారే బీప్ అంది. చేతికిచ్చిన కాగితంలో మాత్రం అయిదు రీడింగులున్నాయి! నేనూ అడగలేదు, అది నా తప్పే. కిందటి వేసవిలో వేరే ఏజెన్సీ వాళ్లు ఒకే సెట్టింగులో వరసగా అయిదు షాట్లు తీస్తే ఏ రెండూ కలవలేదు. రీడింగులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చెప్పే తేడా గుణకం 0.05 దాటకూడదు. మాకు 0.11 వచ్చింది. మాది పాత రకం మిషన్. సాయంత్రం వీధిలో మోటార్లు, కూలర్లు ఆన్ చేయగానే ఓల్టేజీ పడిపోయేది, దాంతోపాటు ట్యూబులోంచి వచ్చే రేడియేషనూ తగ్గేది.

ఫిల్మ్ వాడే రోజుల్లో ఇది కంటికే తెలిసేది. తక్కువైతే తేలిపోయేది, ఎక్కువైతే నల్లబడేది. ఇప్పుడు సెన్సర్ బొమ్మను సాఫ్ట్‌వేరే సర్దేస్తోంది. డోసు ఎక్కువ పడినా బొమ్మ చక్కగానే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. మరీ తక్కువైతే మసకగా వస్తుంది, మళ్లీ తీస్తాం. అలా ఒక సాయంత్రం ఏడేళ్ల పాపకు మూడుసార్లు తీశాను. కదులుతోందనుకుని పాపనే కసిరాను. ఆ పిల్ల బిక్కమొహం ఇంకా నా కళ్లముందే ఉంది.

ఒక పంటి ఎక్స్‌రేతో అందే రేడియేషన్ చాలా తక్కువేనని, భయం లేదని రోజూ పేషెంట్లకు చెబుతాను. అది నిజమే. కానీ మిషన్ ప్రతిసారీ ఒకేలా పనిచేస్తేనే ఆ మాట నేను ధైర్యంగా చెప్పగలను.

ఇప్పటి మీటర్లు చాలావాటిలో ప్రతి రీడింగూ టైముతో సహా నమోదవుతుంది. ఆ రికార్డు లేకుండా టెస్టు రిపోర్టు తీసుకోవద్దని మీకు మనవి. ఏజెన్సీలు పనిచేసే చోటికే మీ మనుషులు చెప్పకుండా వెళ్లి చూడాలి. రెండు టెస్టుల మధ్య నెలకోసారి అల్యూమినియం మెట్ల దిమ్మను (మెట్టు మెట్టుకీ మందం పెరిగే చిన్న దిమ్మ) ఎక్స్‌రే తీసి పాత బొమ్మతో పోల్చుకోవడం మాలాంటివాళ్లకు పెద్ద పనేం కాదు. దాన్నీ తప్పనిసరి చేయండి.

స్టెబిలైజర్ పెట్టించి మళ్లీ అయిదు షాట్లు తీయించాను. 0.02 వచ్చింది. ఆ రీడింగుల కాపీ ఈ లేఖకు జతచేస్తున్నాను.

ఇట్లు,
ఒక పళ్ల డాక్టర్