అక్క కాలి సంగతి

విజయవాడ

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. నాన్న కంటి ఆపరేషన్ అయింది, సత్యనారాయణపురం ఇల్లు ఇంకా ఖాళీ చెయ్యలేదు, ఎండలు నీకు తెలిసినవే. అవన్నీ తర్వాత. ముందు అక్క సంగతి వినాలి నువ్వు.

కుడికాలు పట్టు తప్పుతోందని సంక్రాంతికి నువ్వే చూశావుగా. ఆ తర్వాత మరీ ఈడ్చుకుంటూ నడవడం మొదలైంది. సూర్యారావుపేటలో మేం ఎక్కని ఆసుపత్రి మెట్లు లేవు. ఎమ్మారై, నరాల పరీక్ష, థైరాయిడ్, బీ12, అన్నీ నార్మలే. నార్మల్ అన్నప్పుడల్లా మేం హమ్మయ్య అనుకునేవాళ్ళం, అక్క మొహం మాత్రం ఇంకాస్త వాడిపోయేది. ఒకాయనైతే "మీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని కాగితాలు తిరిగిచ్చేశాడు. పిన్ని గుణదల కొండకి మొక్కుకుంది. ఇక చుట్టాలు, "అత్తింట్లో ఏం బాధే నీకు?" అంటూ బావ వంక చూడటం. పాపం బావ ఎంత నలిగిపోయాడో... సరే, అది కలిసినప్పుడు.

మొన్న గుంటూరు కొత్తపేటలో ఒక నరాల డాక్టరమ్మకి చూపించాం. అక్కని బల్ల మీద పడుకోబెట్టి, కుడి మడమ కింద చెయ్యి పెట్టి, "కిందికి నొక్కమ్మా" అంది. అక్క పళ్ళు బిగించినా ఏమీ లేదు. "సరే, దాన్నొదిలెయ్, ఎడమకాలు ఎత్తు" అని ఆ తొడని రెండో చేత్తో అదిమిపట్టింది. అక్క ఎడమకాలు ఎత్తే ధ్యాసలో పడింది. అంతే, ఆ చచ్చుకాలి మడమ డాక్టరమ్మ చేతిని బల్లకేసి నొక్కేసింది! నన్ను పిలిచి నా చెయ్యి కూడా పెట్టించింది. ఆ బలం నా అరచేతికి తగిలింది రా!

నాకు గుండె ఝల్లుమంది, ఇప్పుడు నటన అంటుందేమోనని. ఆవిడ అక్క తల నిమిరి, "ఇది నువ్వు కావాలని చేస్తున్నది కాదమ్మా. తీగ బాగానే ఉంది, స్విచ్చే అందట్లేదు. తీగ బాగుంది కాబట్టే బాగుపడే దారుంది" అంది. జబ్బు పేరు ఫంక్షనల్ న్యూరలాజికల్ డిజార్డర్, అంటే నరాలు దెబ్బతినకుండానే మెదడు మాట కాలికి సరిగ్గా అందకపోవడం. ఆ పరీక్ష హూవర్ అనే డాక్టరు 1908లో చెప్పిందట. పైగా మనసులో ఏదో కష్టం ఉండి తీరాలనేం లేదట, అమెరికా మానసిక వైద్యులు 2013లో ఆ షరతే తీసేశారట. అది వినగానే బావ కళ్ళు తుడుచుకున్నాడు. అక్కయితే "నేను అబద్ధం చెప్పట్లేదుగా" అని ఒకటే ఏడుపు.

1908 నుంచీ ఉన్న పరీక్ష రా! అన్ని మెట్లెక్కితే ఒక్కరు ఆ మడమ కింద చెయ్యి పెట్టలేదు. తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది.

ఇప్పుడు ఫిజియోథెరపీ నడుస్తోంది. కాలి మీదికి ధ్యాస పోకుండా వెనక్కి నడిపిస్తారు, పక్కకి అడుగులేయిస్తారు, పాడుతూ నడవమంటారు. వెనక్కి నడిచేటప్పుడు ఆ ఈడ్పే కనపడదు! నిన్న వరండాలో మన క్వార్టర్స్ పాట అందుకుంది, గోంగూర మాస్టారి చరణంతో సహా. నువ్వు లేకపోతివి. పూర్తిగా తగ్గలేదులే, ఒకరోజు బాగుంటే మర్నాడు మళ్ళీ ఈడుస్తుంది. ఎన్నాళ్ళు పడుతుందో డాక్టరమ్మ కూడా మాటివ్వలేదు.

ఫోన్ చేస్తే "కాలెలా ఉంది" అని మాత్రం అడక్కు. గొడుగు సంగతి ఎత్తు, నవ్వుతుంది. అన్నట్టు మీ మేనత్త నడుం నొప్పికి కూడా అన్నీ నార్మలే అన్నారన్నావు కదా, ఆవిణ్ణి ఒకసారి... బావ కింద హారన్ కొడుతున్నాడు, ఫిజియోకి టైమైంది. ఉంటా.

నీ
రాంబాబు