ఎండను లెక్కలో వేశాకే ఆతిథ్యం అడగండి

తెలంగాణ రాష్ట్ర క్రీడలు, యువజన సేవల శాఖ మంత్రి శ్రీ వాకిటి శ్రీహరి గారికి,

నమస్కారం.

నేను నల్గొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడిని. 2036 ఒలింపిక్స్ మన దేశానికి వస్తే కొన్ని పోటీలైనా హైదరాబాద్‌లో పెట్టాలని మన ప్రభుత్వం కేంద్రాన్ని కోరినప్పుడు మా పిల్లలతో పాటు నేనూ సంబరపడ్డాను. 2002లో జాతీయ క్రీడలు, 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు, 2007లో ప్రపంచ మిలిటరీ క్రీడలు నడిపిన నగరం మనది. అడిగే హక్కు మనకుంది. అయితే ఆతిథ్యం కోరే బిడ్‌లో స్టేడియాలు, హోటళ్లు, ఎయిర్‌పోర్టు గురించి రాసే ముందు ఎండ గురించి రాయించండి. ఏ నెలలో ఆడించగలం, ఏ నెలలో ఆడించలేం, వేడి ఎంతకు చేరితే ఆట ఆపేస్తాం, స్టేడియం కట్టే కూలీకి మిట్టమధ్యాహ్నం పని ఉంటుందా ఉండదా అనేవి ముందు తేలాలి. ఈ ఉత్తరం రాస్తున్నది అందుకే.

మీది మక్తల్. మే నెల ఎండంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. 2015 మే నెలలో వడదెబ్బకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వందల మంది చనిపోయారు. 2025 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికిచ్చే సాయాన్ని 4 లక్షలకు పెంచింది. చాలా మంచి పని చేశారు. విపత్తు అని ఒప్పుకున్నాక అది రెవెన్యూ ఫైళ్లలోనే ఉండిపోకూడదు, క్రీడల శాఖ ఫైళ్లలోకీ రావాలి.

ఎండను దాచిపెట్టి ఆతిథ్యం తెచ్చుకుంటే ఏమవుతుందో 2020 ఒలింపిక్స్ తెచ్చుకున్న టోక్యోను చూస్తే తెలుస్తుంది. జూలై, ఆగస్టుల్లో అక్కడ వాతావరణం హాయిగా ఉంటుందని, క్రీడాకారులకు అనువైనదని వాళ్లు బిడ్‌లో రాశారు. నిజానికి ఆ నెలల్లో టోక్యో ఉక్కపోతతో ఉడికిపోతుంది. 1964లో అదే నగరం ఒలింపిక్స్‌ను అక్టోబర్‌లో పెట్టుకుంది. ఈసారి మాత్రం జూలై 15, ఆగస్టు 31 మధ్య తేదీలే కావాలని ఒలింపిక్ కమిటీ కోరింది, టోక్యో తలూపింది. చివరికి 2019 అక్టోబర్‌లో మారథాన్‌ను, నడక పోటీలను దాదాపు 800 కిలోమీటర్ల దూరంలోని సప్పొరోకు మార్చక తప్పలేదు. అక్కడా ఎండ వదల్లేదు. మహిళల మారథాన్‌ను గంట ముందుకు, పొద్దున ఆరింటికి జరిపారు. ఆ సంగతి పరుగెత్తాల్సిన వాళ్లకు ముందు రోజు సాయంత్రం తెలిసింది. ఏళ్ల తరబడి కష్టపడి వచ్చిన అమ్మాయికి ఆ రాత్రి ఎంత టెన్షన్‌గా ఉంటుందో ఆలోచించండి.

ఖతర్ రాజధాని దోహాలో ఇంకా ఘోరం. 2019 ప్రపంచ అథ్లెటిక్స్‌లో ఎండ దెబ్బ తగలకూడదని మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టారు. సూర్యుడు లేడు, ఉష్ణోగ్రత 32, 33 డిగ్రీలే. అయినా బయలుదేరిన 68 మందిలో 28 మంది పూర్తి చేయలేకపోయారు. గాలిలో తేమ 70 శాతం దాటితే చెమట సరిగా ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మన దగ్గర మే నెలలో దీనికి తలకిందులుగా ఉంటుంది. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఒంట్లో నీళ్లు ఎంత పోయాయో పిల్లవాడికే తెలియదు. అందుకే ఉత్త థర్మామీటర్ చూసి నిర్ణయాలు చేయకూడదు. గాలి వేడి, తేమ, నేరుగా పడే ఎండ, గాలి వీచే తీరు అన్నీ కలిపి చూసే లెక్క ఒకటుంది. దాన్ని వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అంటారు. ఫుట్‌బాల్‌లో ఆట మధ్య నీళ్ల విరామం ఇవ్వడానికి ఫిఫా వాడిన 32 డిగ్రీల హద్దు ఈ లెక్కలోదే.

ఇక కూలీల సంగతి. క్రీడాకారులు ఉండేది రెండు మూడు వారాలు. స్టేడియం కట్టేవాళ్లు ఏళ్ల తరబడి ప్రతి వేసవీ ఆ ఎండలోనే ఉంటారు. ఖతర్‌లో జరిగిన 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను ఫిఫా చలికాలానికి, నవంబర్, డిసెంబర్‌లకు మార్చింది. ఆటగాళ్లకు ఎండ తప్పింది. కానీ ఆ స్టేడియాలకు ఇనుము మోసిన వాళ్లకు తప్పలేదు. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఆరుబయట పని ఉండకూడదని, ఇందాక చెప్పిన లెక్క 32.1 దాటితే ఏ వేళలోనైనా పని ఆపాలని ఖతర్ 2021లో రూల్ పెట్టింది. ఆతిథ్యం దక్కింది 2010లో. అప్పటికే ఎన్ని వేసవులు గడిచిపోయాయో చూడండి.

దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబర్ ఉంటారనే మాట మీరు చిన్నప్పటి నుంచి వినే ఉంటారు. రేపు హైదరాబాద్‌లో కొత్త స్టేడియం లేస్తే తట్ట మోసేది మక్తల్, నారాయణపేట, దేవరకొండ వైపు మనుషులే. వాళ్ల పని వేళలు, నీడ, నీళ్లు, ఎండకు పని ఆగిన రోజు కూలి టెండర్ పత్రంలోనే ఉండాలి. పని మొదలయ్యాక కాంట్రాక్టర్‌ను బతిమాలుకోవాల్సిన విషయం కాదిది.

హైదరాబాద్ ఈ పోటీలకు పనికిరాదని నేననడం లేదు. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనున్న పీఠభూమి మనది. జూలై, ఆగస్టుల్లో మబ్బు పడితే పగలు 30 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అప్పుడు మన సమస్య ఎండ కాదు, వాన. అక్టోబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా ఇంతకన్నా మంచి కాలం చాలా దేశాలకు లేదు. మన ఆఫ్రో ఆసియా, మిలిటరీ క్రీడలు రెండూ అక్టోబర్‌లోనే మొదలయ్యాయి. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలూ అంతే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ సెప్టెంబర్‌లో పెట్టారు. ప్రపంచం తేదీలు మార్చుకోగలదు. మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా మాత్రం ఆరుబయట పగటి పోటీ ఏదీ ఒప్పుకోమని మనమే ముందు రాసిస్తే, దాన్ని ఎవరూ మన లోపం అనుకోరు. నెలవారీ లెక్కలతో సహా ఉన్నదున్నట్టు చెప్పిన నగరాన్నే నమ్ముతారు.

ఇదంతా 2036 మాట. నాకు అంతకన్నా దగ్గరున్నది మా గ్రౌండ్. ఏటా మే నెలలోనే మన శాఖ వేసవి శిక్షణ శిబిరాలు పెడుతుంది. పిల్లలకు సెలవులు అప్పుడే కాబట్టి వద్దనలేం. ఊళ్లలో టోర్నమెంట్లూ ఏప్రిల్, మే నెలల్లోనే. అలాంటి ఒక పోటీలో ఎనిమిదింటికి మొదలవ్వాల్సిన 1500 మీటర్ల పరుగు, ముఖ్య అతిథి కోసం ఆగి ఆగి పదకొండు దాటాక మొదలైంది. తొమ్మిదో తరగతి అమ్మాయి చివరి రౌండ్‌లో పక్కకు తూలింది. పట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలుతోంది, పేరడిగితే తడబడుతోంది. చుట్టూ జనం మూగి ఆటో, ఆటో అని అరుస్తున్నారు. మైదానం అంచున నీళ్ల డ్రమ్ము ఉంది కానీ పొద్దుటి నుంచి ఎండలోనే ఉండి ఆ నీళ్లే చేయి పెట్టలేనంత వేడెక్కాయి. పక్క పొలంలో బోరు మోటారు ఆన్ చేయించి, ఆ చల్లటి ధార కింద పడుకోబెట్టాం. తలకు, మెడకు, చంకలకు నీళ్లు పడుతుంటే కాసేపటికి కళ్లు తెరిచి అమ్మ ఏదని అడిగింది. ఆ తర్వాతే ఆసుపత్రికి తీసుకెళ్లాం. పరుగులో వడదెబ్బ తగిలినవాళ్లను ముందు చల్లబరచాలి, తర్వాత తరలించాలి. మొదటి అరగంటే ప్రాణం నిలబెడుతుంది. ఆ గ్రౌండ్‌లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా లేరు.

మంత్రి గారూ, వేసవిలో ఏ శిబిరమైనా, ఏ పోటీ అయినా పొద్దున తొమ్మిదిలోపు ముగించి, మళ్లీ సాయంత్రం అయిదు తర్వాతే మొదలుపెట్టాలని ఉత్తర్వు ఇవ్వండి. ముఖ్య అతిథి వచ్చినా రాకపోయినా సమయానికి పోటీ మొదలవ్వాలని అందులో రాయండి. మీరే ముఖ్య అతిథి అయినా సరే అని కూడా రాస్తే కింది అధికారులకు ధైర్యం వస్తుంది. ప్రతి జిల్లా స్టేడియానికి వేడి, తేమ కలిపి కొలిచే మీటర్ ఒకటి, మనిషి పట్టే టబ్బు ఒకటి, ఐస్ కొనడానికి కొద్దిపాటి డబ్బు ఇప్పించండి. పీఈటీలందరికీ ఒక పూట ట్రైనింగ్ చాలు, ఎవర్ని ఎలా చల్లబరచాలో నేర్చుకుంటాం. బిడ్ తయారుచేసే కమిటీలో ఒక డాక్టర్‌ను, వాతావరణ శాఖ నుంచి ఒకరిని, కార్మిక శాఖ నుంచి ఒకరిని కూర్చోబెట్టండి. ఉత్తర్వు ఫిబ్రవరిలోగా జిల్లాలకు చేరితే వచ్చే వేసవి శిబిరాల నుంచే అమలు చేస్తాం.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
నల్గొండ జిల్లా