క్రీడా విభాగం వార్షిక నివేదిక, 2024: రగ్బీ ఫిక్చర్లు, కోచ్‌ల మార్పులు

సభ్యులందరికీ నమస్కారం.

న్యూజిలాండ్‌లో ఆక్లాండ్, కౌంటీస్ మానుకౌ, నార్త్ హార్బర్ ప్రావిన్సుల పరిధిలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల పిల్లలు ఏటా స్థానిక క్లబ్బుల్లో రగ్బీకి చేరుతున్నారు. వాళ్లతోపాటు తల్లిదండ్రులూ మైదానాలకు వెళ్తున్నారు, కొందరు జూనియర్ జట్లకు కోచింగ్‌లో సాయపడుతున్నారు. అందుకే ఈ విభాగం ఏడాదంతా రెండు పనుల మీదే నిలిచింది. మొదటిది, ప్రావిన్స్ జట్ల పోటీ ఎన్‌పీసీ (నేషనల్ ప్రావిన్షియల్ ఛాంపియన్‌షిప్) ఫిక్చర్లు, అంటే మ్యాచ్‌ల తేదీల పట్టిక చూసి మన కార్యక్రమాల తేదీలు కుదర్చడం. రెండోది, కోచింగ్‌లోకి వచ్చే పెద్దలను సిద్ధం చేయడం. పైకి ఇవి వేర్వేరు పనులు. కానీ మ్యాచ్‌ల మధ్య ఎన్ని రోజులుంటాయన్న దాన్నిబట్టే కోచ్ ఏం నేర్పగలడో తేలుతుంది కనుక, ముందు ఫిక్చర్ల సంగతి చెప్పి తర్వాత కోచింగ్‌కు వస్తాం.

ఎన్‌పీసీలో 14 జట్లు. ప్రతి జట్టూ మిగతా 13 జట్లతో ఆడితే 91 మ్యాచ్‌లవుతాయి. కానీ లీగ్ దశలో ఒక్కో జట్టు ఆడేది 10 మాత్రమే, అంటే మొత్తం 70. ముగ్గురు ప్రత్యర్థులు ఆ ఏడాది ఎదురుపడనే పడరు. పట్టిక చదివేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. ఒక జట్టు ఏ ముగ్గురిని తప్పించుకుందో చూడకుండా పాయింట్లను పోల్చడం సరికాదు. గెలుపుకు 4, డ్రాకు 2, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ ట్రైలకు (ప్రత్యర్థి గోల్ గీత అవతల బంతిని నేలకు ఆనిస్తే ఒక ట్రై) అదనంగా 1, ఏడు లేదా అంతకంటే తక్కువ పాయింట్ల తేడాతో ఓడితే 1 వస్తాయి. బలమైన ముగ్గురు తగలని జట్టుకు గెలుపులతోపాటు ట్రై బోనస్‌లూ తేలిగ్గా పడతాయి.

పద్ధతి కూడా తరచూ మారింది. 2011 నుంచి ప్రీమియర్‌షిప్, ఛాంపియన్‌షిప్ అని ఏడేసి జట్ల రెండు విభాగాలుండేవి. సొంత విభాగంలో 6, అవతలి విభాగంతో 4 మ్యాచ్‌లు ఆడేవారు. 2021లో లాక్‌డౌన్ వల్ల మన మూడు ప్రావిన్సులూ పోటీ మధ్యలోనే తప్పుకున్నాయి. 2022లో అంతకుముందు ర్యాంకుల సరి, బేసి సంఖ్యలనుబట్టి జట్లను రెండు గుంపులు చేశారు. ఇప్పుడు ఒకే పట్టిక. మొదటి ఎనిమిది జట్లు క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తాయి, వాటిలో పై నాలుగు సొంత మైదానంలో ఆడతాయి.

2024 లీగ్ దశకు దొరికినవి తొమ్మిది వారాంతాలు, ఆగస్టు 9 నుంచి అక్టోబరు 6 వరకు. వారాంతానికి ఏడు మ్యాచ్‌ల చొప్పున 63 వచ్చాయి, మిగిలిన 7 వారం మధ్యలోకి వెళ్లాయి. ప్రతి జట్టుకూ ఒక బుధవారం మ్యాచ్ తప్పకపోవడానికి ఈ లెక్కే కారణం. ఇంకొక్క వారాంతం కలిపి ఉంటే ఆ అవసరమే ఉండేది కాదు. కానీ ముందువైపు పై స్థాయి పోటీ సూపర్ రగ్బీ, జులైలో జాతీయ జట్టు ఆడే టెస్టులు, క్లబ్ ఫైనల్స్ అడ్డు. వెనకవైపు నవంబరులో జాతీయ జట్టు ఆల్ బ్లాక్స్ ఉత్తరార్ధగోళ పర్యటన ఉంటుంది. ఆటగాళ్లకూ కాస్త విశ్రాంతి కావాలి. టీవీ ప్రసారం మరో కట్టుబాటు. 2:05, 4:35, 7:05 అని రెండున్నర గంటల తేడాతో మ్యాచ్‌లు పెట్టేది ఒకదాని మీద ఒకటి పడకుండానే. 80 నిమిషాల ఆట, విరామం, గాయాలకు ఆగిన సమయం కలిపితే రెండు గంటలకు దగ్గరవుతుంది.

ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు మ్యాచ్ వేళ చెప్పేటప్పుడు గడియారం మార్పు గుర్తుంచుకోండి. సెప్టెంబరు చివరి ఆదివారం (2024లో 29వ తేదీ) దాకా మనం ఇండియా కంటే ఆరున్నర గంటలు ముందుంటాం, ఆ తర్వాత ఏడున్నర. 2:05 మ్యాచ్ అంతకుముందు వాళ్లకు ఉదయం 7:35కి, ఆ తర్వాత 6:35కే మొదలవుతుంది.

మన పండుగలన్నీ సరిగ్గా ఈ సీజన్‌లోనే వస్తాయి. వినాయక చవితి సెప్టెంబరు 7, శనివారం. అది లీగ్ మధ్యలో పడింది. బతుకమ్మ అక్టోబరు 2 నుంచి 10 వరకు, లీగ్ చివరి వారాంతాన్ని కలుపుకుని సాగింది. దసరా అక్టోబరు 12, శనివారం, అంటే క్వార్టర్ ఫైనల్ వారాంతం. లీగ్ తేదీలు నెలల ముందే తెలుస్తాయి కాబట్టి చవితికీ బతుకమ్మకూ సర్దుకోవచ్చు. దసరా సంగతి అలా కాదు. సొంత మైదానంలో క్వార్టర్ ఫైనల్ ఉందో లేదో అక్టోబరు 6 రాత్రికిగాని తేలదు. అప్పుడు మిగిలేది వారం కూడా కాదు. అందుకని ఈ విభాగం పెట్టుకున్న పద్ధతి ఇది: పండుగ హాలు ముందే ఖాయం చేసుకోవాలి, నాకౌట్ టికెట్లకు మాత్రం ముందుగా డబ్బు వసూలు చేయకూడదు. మన మూడు జట్ల సొంత మైదానాలు పుకెకోహె, ఈడెన్ పార్క్, ఆల్బనీ మూడు మూలల్లో ఉన్నాయి. కారు ప్రయాణాలు కలిపి వేసుకోకపోతే పిల్లలకు పూజా ఉండదు, మ్యాచూ ఉండదు.

ప్రావిన్స్ జట్లు ఒకరినొకరు ఓడించి చేజిక్కించుకునే ట్రోఫీ రాన్‌ఫర్లీ షీల్డ్ గురించి చాలామంది అడిగారు. షీల్డ్ ఉన్న జట్టు సొంత మైదానంలో ఆడే ప్రతి లీగ్ మ్యాచ్‌లోనూ దాన్ని పణంగా పెట్టాలి. బయట ఆడితే, నాకౌట్‌లో ఆడితే అక్కర్లేదు. అంటే షీల్డ్ ఎన్నిసార్లు ప్రమాదంలో పడుతుందో ఫిక్చర్ల పట్టికే చెబుతుంది. 2024లో అది హాక్స్ బే నుంచి తస్మాన్‌కు, అక్కడినుంచి తరనాకికి చేరింది.

ఇక కోచ్‌ల మార్పులు. గెలిపించిన కోచ్‌లు కూడా ఎందుకు వెళ్లిపోతారన్నది సభ్యుల ప్రశ్న. ఎన్‌పీసీ మూడు నెలల పోటీ. సూపర్ రగ్బీ ఫిబ్రవరి నుంచి జూన్ వరకు. రెండూ ఒకదానికొకటి అడ్డురావు కనుక ఒకే మనిషి రెండుచోట్లా పనిచేయవచ్చు, పై మెట్టు కూడా కళ్లముందే కనిపిస్తుంటుంది. స్కాట్ రాబర్ట్‌సన్ కాంటర్‌బరీకి 2013, 2015, 2016 టైటిళ్లు అందించి 2017లో సూపర్ రగ్బీ జట్టు క్రూసేడర్స్‌కు, 2024లో ఆల్ బ్లాక్స్‌కు వెళ్లారు. విదేశీ క్లబ్బుల లెక్క వేరు. వాళ్ల సన్నాహం జులైలో, సీజన్ సెప్టెంబరులో మొదలవుతాయి, ఎన్‌పీసీతో పూర్తిగా ఢీకొంటాయి. తస్మాన్ 2019లో ఒక్క ఓటమి లేకుండా, 2020 ఫైనల్‌లో ఆక్లాండ్‌పై 13–12తో టైటిల్ గెలిచింది. ఆ జట్టును నడిపిన ఆండ్రూ గుడ్‌మన్ 2022లో ఐర్లాండ్‌లోని లెన్‌స్టర్‌కు వెళ్లారు. ఆయనతో కలిసి పనిచేసిన క్లార్క్ డెర్మొడీ 2023కి సూపర్ రగ్బీ జట్టు హైలాండర్స్ ప్రధాన కోచ్ అయ్యారు. ప్రావిన్స్ రగ్బీకి ఇది నష్టమేనని మా అభిప్రాయం. కానీ ఇలా పెంచి పంపడమే దాని పని కూడా.

కొత్త కోచ్‌కు మొదటి చిక్కు సమయం. స్థానిక ఆటగాళ్లు క్లబ్ ఫైనల్స్ అయ్యేదాకా రారు, సూపర్ జట్ల ఆటగాళ్లు విశ్రాంతి తీసుకుని వస్తారు, ఆల్ బ్లాక్స్ అసలు వస్తారో రారో తెలియదు. సన్నాహక మ్యాచ్‌లు రెండు మూడుకు మించవు. ఈ పరిస్థితిలో అన్నీ ఒకేసారి మార్చిన జట్లు ముందుగా దెబ్బతినేది లైనౌట్‌లో, అంటే గీత దాటిన బంతిని మళ్లీ లోపలికి విసిరేటప్పుడు. పాత సంకేతాలు నోట్లో ఉంటాయి, కొత్తవి కాగితం మీద ఉంటాయి. బంతి విసిరే హుకర్ ఒక చోటికి విసురుతాడు, ఎత్తేవాళ్లు ఇంకొకరిని ఎత్తుతారు. తెలిసిన కోచ్‌లు మొదటి ఏడాది లైనౌట్ సంకేతాలను అలాగే ఉంచుతారు. మార్చేది డిఫెన్స్ వరసను, కిక్ తర్వాత పరుగును. అవి అడుగులతో నేర్చుకునేవి కనుక తొందరగా పట్టుబడతాయి.

బుధవారం మ్యాచ్ ఉన్న వారం ఇంకా కష్టం. శనివారం ఆడి, బుధవారం ఆడి, ఆదివారం మళ్లీ ఆడాలి. శనివారం తర్వాత దొరికేవి మూడు రోజులు. ఆదివారం కోలుకోవడానికి పోతుంది, సోమవారం నడుస్తూ చేసే సాధన, మంగళవారం అరగంట తుది సాధన. ఒంటికి ఒళ్లు తగిలే అభ్యాసానికి చోటే లేదు. ఇక ముందు వరస సంగతి. 23 మంది జట్టులో స్క్రమ్ (రెండు జట్లూ వరసలుగా కలుసుకుని తోసుకునే ఘట్టం) ముందు వరసకు శిక్షణ ఉన్న ముగ్గురు అదనంగా ఉండాలి. ఆ వరసకు రెండు చివర్లా ఉండే ఇద్దరు ప్రాప్‌లకు గాయమై మారేవాళ్లు లేకపోతే స్క్రమ్‌లో తోయకుండానే ఆడాల్సి వస్తుంది, స్క్రమ్ బలమున్న జట్టుకు అదే పెద్ద దెబ్బ. అందుకే మంచి కోచ్ ఆ బుధవారం ఎవరిని దించాలో ఆగస్టులోనే రాసిపెట్టుకుంటాడు. 2024 ఫైనల్ అదనపు సమయానికి వెళ్లి వెల్లింగ్టన్ 23–20తో బే ఆఫ్ ప్లెంటీపై గెలిచింది. అలాంటి రోజున అక్టోబరు చివరికి ఎవరి కాళ్లలో సత్తువ మిగిలిందన్నదే తేల్చేస్తుంది.

మన పిల్లల రిప్పా రగ్బీ (పడగొట్టే బదులు నడుం పట్టీకున్న జెండా లాగే ఆట) రోజు నిర్వహణకు వాడే పట్టికను ఇక్కడే ఇస్తున్నాం, ఏ ఊళ్లోనైనా పనికొస్తుంది. ఆరు జట్లకు 1 నుంచి 6 దాకా అంకెలివ్వండి. 1ని కదపకుండా మిగతావాటిని ఒక్కో చోటు జరుపుతూ పోవాలి. మొదటి విడత 1–6, 2–5, 3–4. రెండోది 1–5, 6–4, 2–3. మూడోది 1–4, 5–3, 6–2. నాలుగోది 1–3, 4–2, 5–6. ఐదోది 1–2, 3–6, 4–5. మొత్తం 15 మ్యాచ్‌లు, ఎవరూ ఎవరితోనూ రెండుసార్లు ఆడరు. మార్పిడి సమయంతో కలిపి మ్యాచ్‌కు 20 నిమిషాలు వేసుకుంటే మూడు చిన్న మైదానాల్లో 100 నిమిషాల్లో అయిపోతుంది, రెండే ఉంటే 160 నిమిషాలు పడుతుంది. ఒక జట్టు రాకపోతే కొత్త పట్టిక వేయకండి, ఆ అంకె దగ్గర ‘విశ్రాంతి’ అని రాయండి చాలు. నడుం పట్టీలు, జెండాలు అదనంగా ఉంచుకోండి. తడి గడ్డి మీద లాగిన జెండా ఎక్కడో పడిపోతుంది, దానికోసం వెతకడంలోనే ఆట సమయం పోతుంది.

జూనియర్ జట్లకు సాయపడేవారు సీజన్‌కు ముందే స్మాల్ బ్లాక్స్ కోచింగ్ కోర్సు, పెద్ద వయసు జట్లవారు ఏటా రగ్బీస్మార్ట్ భద్రతా కోర్సు పూర్తిచేయాలి. పిల్లలతో పనిచేసేవారికి పోలీసు తనిఖీకి క్లబ్ ద్వారా దరఖాస్తు ఉంటుంది. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు కనుక ఏప్రిల్ దాకా ఆగొద్దు. తలకు దెబ్బ అనుమానంతో రెఫరీ నీలం కార్డు చూపిస్తే ఆ ఆటగాడు కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడకూడదు, డాక్టరు అనుమతి కూడా కావాలి. “బాబు బాగానే ఉన్నాడు, ఈ ఒక్క మ్యాచ్ ఆడనివ్వండి” అని కోచ్‌ను అడగవద్దని తల్లిదండ్రులకు మా గట్టి విన్నపం.

2025లో వినాయక చవితి ఆగస్టు 27, బుధవారం. దసరా అక్టోబరు 2, గురువారం. గడియారం మారేది సెప్టెంబరు 28న. ఈ మూడు తేదీలను ముందే గుర్తుపెట్టి, ఫిక్చర్ల పట్టిక రాగానే సొంత మైదానం మ్యాచ్‌లను పక్కన రాసి సభ్యులకు పంపుతాం. కార్లలో చోటివ్వగలిగినవారు, రిప్పా రోజున రెఫరీగా నిలబడగలిగినవారు ఈ సమావేశం ముగిసేలోపు కార్యదర్శి దగ్గర పేర్లు రాయించండి.